బాగానే కనపడుతోందిగా!

ఈ మధ్య పత్రికల వాళ్ళు మరీ పిసినారులైపోయారని నాకో అనుమానం పట్టుకుంది. కాగితం ఖరీదు పెరిగిందనేమో, అక్షరాలు చీమ తలకాయలంత చేసి అచ్చు వేస్తున్నారు. నా సీరియల్ నేనే చదువుకోవాలన్నా పత్రిక పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి, ఎండలో నిలబడి, చెయ్యి బారజాపాల్సి వస్తోంది. సంపాదకుడుగారికి ఘాటుగా ఓ ఉత్తరం రాద్దామని కాగితం కలం తీసుకుని కూర్చున్నాను కూడా.

"ఉత్తరం సంగతి తర్వాత. ముందు ఈ సూదిలో దారం ఎక్కించు" అన్నారు మావారు, ఊడిన చొక్కా గుండీ చేతిలో పెడుతూ.

సూదికి బెజ్జం ఉంటుందని గుర్తుంది గానీ అది ఎక్కడుందో కనిపించలేదు. దారం కొస నోట్లో తడిపాను, మెలిపెట్టాను. ఎనిమిదిసార్లు గురి చూసి పొడిస్తే ఎనిమిదిసార్లూ దారం సూదికి పక్కగా వెళ్ళిపోయింది.

"సూదులు కూడా సరిగ్గా తయారుచెయ్యడం లేదండీ ఈ రోజుల్లో" అన్నాను.

"నలభై ఆరేళ్ళొచ్చాయి. దాన్ని చత్వారం అంటారు" అన్నారాయన తాపీగా.

నాకు ఒళ్ళు మండింది. చత్వారమా! ఇరవై నవలలు రాశాను. ఒక్క నాయనమ్మలకి తప్ప ఇంకెవరికీ ఆ జబ్బు పెట్టలేదు. నా కథానాయికలందరివీ చారెడేసి కళ్ళు. ఆ కళ్ళతో వాళ్ళు ఏడుస్తారు, కోపగించుకుంటారు, అవసరమైతే మాట్లాడతారు కూడా. అంతేగానీ సూదిలోకి దారం ఎక్కించలేక పోరు.

నాలుగు రోజులు మొండికేశాను. అయిదోరోజు నేను ఏరిన పప్పులోని రాయి మావారి పంటికింద పటుక్కుమంది. ఇక వాదించి లాభం లేదని బయల్దేరాను.

మా చిలకలూరిపేటలో, గడియార స్తంభం నుంచి నడిచిపోయేంత దూరంలో ఒక కంటి డాక్టరుగారున్నారు. పేరు రాయనని మాటిచ్చాను గనక రాయను. పేట వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతా వాళ్ళకి అవసరం లేదు.

కంటి డాక్టరు దగ్గర కూర్చోవడమంత తీరుబడి పని మరొకటి లేదు. చుక్కలు వేస్తారు, కళ్ళు మూసుకోమంటారు. బల్లమీద పదిమందీ భజనలో కూర్చున్నట్టు కళ్ళు మూసుకుని ఉంటాం. కళ్ళు మూసుకుంటే చెవులు పెద్దవవుతాయి. రచయిత్రి చెవులు మరీను.

నా పక్కన కూర్చున్న రైతుకి పత్తికట్టె పీకుతుంటే పుల్ల చివర కంట్లో తగిలిందిట. తగిలిన రోజున పక్కింటి బాలింతని బతిమాలి చనుబాలు పోయించాడు. తగ్గలేదు. మర్నాడు ఎవరో చెప్పారని ఆకుపసరు పిండాడు. మూడోరోజు మందుల షాపులో "కంటి చుక్కలివ్వండి" అని అడిగి, వాళ్ళు ఏది ఇస్తే అది వేసుకున్నాడు. వారం గడిచేసరికి నల్లగుడ్డుమీద తెల్లటి పుండు లేచింది.

లోపల్నుంచి డాక్టరుగారి కేకలు మాకందరికీ వినిపించాయి. "చెట్టుపుల్ల తగిలిన కంట్లో బూజు పుడుతుందయ్యా. నువ్వేసిన ఆ స్టెరాయిడ్ చుక్కలున్నాయే, అవి బూజుకి ఎరువు లాంటివి! నీ పత్తిచేలో కలుపుకి యూరియా వేస్తావా?"

ఆ ఉపమానం నాకెంత నచ్చిందంటే, కళ్ళు మూసుకునే మనసులో రాసిపెట్టుకున్నాను.

ఇటుపక్కన ఒకావిడ మనవణ్ణి తీసుకొచ్చింది. పిల్లవాడికి మెల్లకన్ను. "మెల్లకన్ను అదృష్టమంటారు, ఇప్పుడు తొందరేముంది, పెళ్ళినాటికి చూపిద్దాంలే అన్నాడమ్మా వీళ్ళ తాత" అంటోంది. కంపౌండరు ఆవిడకి నచ్చచెబుతున్నాడు. వంకరపోయిన కంటిలోంచి వచ్చే బొమ్మని మెదడు పట్టించుకోవడం మానేస్తుందట. ఏడెనిమిదేళ్ళ లోపల ఆ కంటికి పని నేర్పకపోతే తర్వాత కన్ను తిన్నగా తిప్పినా చూపు పూర్తిగా రావడం కష్టమట. తాతగారి ముహూర్తం దాకా ఆగితే అదృష్టం మాట దేవుడెరుగు, చూపే ఉండదు.

మూలన కూర్చున్న ముసలమ్మ మాత్రం ధీమాగా ఉంది. పొద్దున్నే శుక్లం ఆపరేషను అయిందిట. సాయంత్రం ఇంటికి వెళ్ళిపోతుందిట! నాకు మా అమ్మమ్మ గుర్తుకొచ్చింది. 1988 ప్రాంతంలో ఆవిడకి బడిలో పెట్టిన కంటి శిబిరంలో శుక్లం తీశారు. బల్లలు జరిపి, చాపలు వేసి, వరసగా పడుకోబెట్టారు. తల కదలకుండా అటూ ఇటూ ఇసుక సంచులు. దగ్గకూడదు, తుమ్మకూడదు. ఆ రోజుల్లో మసకబారిన కంటి కటకం మొత్తం తీసేసి, దానికి బదులుగా సోడాబుడ్డి అడుగంత మందం అద్దాలిచ్చేవారు. కట్టు విప్పి ఆ జోడు పెట్టగానే అమ్మమ్మ మొట్టమొదట నన్నే చూసింది. "ఇదేమిటే, ఇది ఇంత నల్లగా ఉందీ!" అంది. అప్పటిదాకా నేను ఆవిడకి బంగారు బొమ్మని. వైద్యం వల్ల నష్టపోయినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఇప్పుడు తీసిన కటకం చోట చిన్న ప్లాస్టిక్ కటకం పెడుతున్నారు. దాని వెనక ఓ యుద్ధకథ ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల అద్దాలు పగిలి పైలట్ల కళ్ళల్లో ముక్కలు గుచ్చుకునేవి. ఆ రకం ప్లాస్టిక్ ముక్కలు ఏళ్ళ తరబడి కంట్లో ఉన్నా కన్ను వాటిమీద తిరగబడటం లేదని హెరాల్డ్ రిడ్లే అనే ఇంగ్లీషు డాక్టరు గమనించాడు. 1949లో లండన్‌లో ఆ ప్లాస్టిక్‌తోనే కటకం చేయించి మొదటిసారి ఓ రోగి కంట్లో అమర్చాడు. ఆయన సాటి డాక్టర్లే చాలామంది అప్పట్లో ఆయన్ని తిట్టిపోశారట. మా అమ్మమ్మ దాకా ఆ కటకం రాలేదు. ఈ ముసలమ్మ దాకా వచ్చింది.

నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. డాక్టరుగారు నా చీటీ చూసి, నా మొహం చూసి, మళ్ళీ చీటీ చూశారు.

"మీరేనా అమ్మా, హీరో తన కన్ను తీసి హీరోయిన్‌కి పెట్టించింది?"

నేను గర్వంగా తలూపాను. ఆ నవల మూడు ముద్రణలు పొందింది.

"ఇంట్లో మా ఆవిడ ఆ సీరియల్ చదివి వెక్కివెక్కి ఏడ్చింది. నేను వేరే కారణానికి ఏడ్చాను. అమ్మా, కన్ను మొత్తం మార్చి చూపు తెప్పించడం ఇప్పటిదాకా ఏ డాక్టరూ నేర్చుకోలేదు. మార్చగలిగేది ముందున్న పారదర్శకమైన పొర, కార్నియా మాత్రమే. అదీ బతికున్నవాళ్ళ దగ్గర తీసుకోకూడదు. మనిషి పోయాక ఆరుగంటల్లోగా తీసుకోవాలి. మీ హీరో పాపం గుడ్డివాడయ్యాడు, మీ హీరోయిన్‌కి చూపు రాలేదు. నిజంగా అయితే జరిగేది అదీ."

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "నాలుగో ముద్రణలో మారుస్తాను డాక్టరుగారూ" అన్నాను చిన్నగా.

"మార్చేటప్పుడు ఇంకోమాట రాయండి. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళూ, శుక్లం తీయించుకున్నవాళ్ళూ, షుగరున్నవాళ్ళూ కూడా కళ్ళు దానం చెయ్యొచ్చని. అది తెలియక బోలెడంత మంది 'మా కళ్ళు ఎవరికి పనికొస్తాయిలే' అని ఊరుకుంటారు."

చివరి రోగిని నేనే గనక ఆయన కాస్త తీరుబడిగా ఉన్నారు. కంటి డాక్టరు ఎందుకయ్యారని అడిగాను. నాకది వృత్తిదోషం, ఎవరు దొరికినా కథ అడుగుతాను.

ఆయన తండ్రి కోటప్పకొండ తిరనాళ్ళలో గోనెపట్టా పరిచి కళ్ళజోళ్ళు అమ్మేవారట! శివరాత్రికి ప్రభలు కదిలే వేళకి కొండకింద కొట్టు పెట్టేవారు. వచ్చిన రైతు ఒక జోడు పెట్టుకోవడం, తియ్యడం, ఇంకోటి పెట్టుకోవడం. చదువొచ్చిన వాళ్ళకి పంచాంగం ఇచ్చేవారు, రానివాళ్ళకి సూదీ దారం. దారం ఎక్కితే జోడు అమ్ముడైనట్టు. పిల్లవాడుగా ఈయన పని అద్దం పట్టుకుని నిలబడటం.

"ఏ జోడు పెట్టినా కనపడని వాళ్ళు కొందరుండేవారమ్మా. ఇరవై జోళ్ళూ మార్చి, 'నీ దగ్గర మంచి సరుకు లేదోయ్' అని లేచిపోయేవారు. నాన్న మర్నాడు గుంటూరు వెళ్ళి ఇంకో రకం తెచ్చేవారు. అయినా వాళ్ళకి కనపడేది కాదు. ఎందుకో నాన్నకి తెలీదు, నాకూ తెలీదు. వైద్యం చదివాక తెలిసింది. వాళ్ళకి కావలసింది జోడు కాదు. కొందరివి శుక్లాలు, కొందరివి నీటికాసులు. వాళ్ళని తిన్నగా ఆసుపత్రికి పంపేవాడెవడూ ఆ తిరనాళ్ళలో లేకపోయాడు."

ఆయన చదివింది గుంటూరు వైద్య కళాశాలలో. 1946లో మొదలైన ఆ కాలేజీలోనే డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు కూడా చదివారని చెప్పేటప్పుడు మా డాక్టరుగారి మొహం వెలిగింది. నాగేశ్వరరావుగారు ఢిల్లీలో కంటి వైద్యం చదివి, 1974లో అమెరికా వెళ్ళి, అక్కడ కార్నియా నిపుణుడిగా పేరు తెచ్చుకున్నారు. అక్కడే ఉండిపోకుండా తిరిగొచ్చారు. 'మిస్సమ్మ' తీసిన ఎల్.వి.ప్రసాద్‌గారు భూమీ, డబ్బూ ఇచ్చి వెనక నిలబడితే 1987లో హైదరాబాదులో ఆ కంటి ఆసుపత్రి లేచింది. మనల్ని వెన్నెల రాత్రుల్లో కూర్చోబెట్టి నవ్వించిన మనిషి, చూపులేని వాళ్ళకోసం కూడా ఇంత చేశాడన్నమాట.

"ఆ ఆసుపత్రి గొప్ప అంతా హైదరాబాదు భవనంలో లేదమ్మా" అన్నారు డాక్టరుగారు. "పల్లెల్లో చిన్న చిన్న దృష్టి కేంద్రాలు పెట్టారు. ఊళ్ళోనే కళ్ళు చూసి, జోడు చాలిన వాడికి జోడు ఇచ్చి, చాలనివాణ్ణి పై ఆసుపత్రికి పంపుతారు. మా నాన్న గోనెపట్టా పక్కన అలాంటి వాడొక్కడు కూర్చుని ఉంటే చాలుననిపిస్తుంది నాకు."

ఈ మాటలు చెబుతూనే నా గడ్డం ఓ యంత్రంమీద పెట్టించి, నీలంరంగు దీపం వేసి చూస్తున్నారు. చూస్తున్నవారు మాట ఆపేశారు. మళ్ళీ చూశారు. డాక్టర్లు మాట ఆపేస్తే నాకు గుండె ఆగుతుంది.

"మీ ఇంట్లో ఎవరికైనా నీటికాసులున్నాయా అమ్మా?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

మా పెద్దమ్మకి ఉండేవి. అమ్మకి అక్కగారు. ఆవిడ వంటింట్లోంచి హాల్లోకి వస్తూ గుమ్మానికి భుజం కొట్టుకునేది. పక్కన పెట్టిన కాఫీ గ్లాసు చేత్తో తన్నేసేది. కింద ఆడుకుంటున్న పిల్లవాడి చెయ్యి తొక్కేసేది. "పెద్దమ్మకి ఒంటిమీద ధ్యాస లేదు" అని మేమంతా నవ్వేవాళ్ళం. ఆవిడా నవ్వేది. ఎవరైనా కళ్ళు చూపించుకోమంటే, "నాకేం, బాగానే కనపడుతోందిగా!" అనేది. అనడమే కాదు, చత్వారం జోడు పెట్టుకుని మా అందరి ముందూ సూదిలోకి దారం ఎక్కించి చూపించేది. ఒక్క పోటుకి ఎక్కేది! ఆవిడ మొండిదని నేనంటే అబద్ధం. మొదట్లో రెండుసార్లు తనే అడిగింది, "కళ్ళు ఓసారి చూపించుకుంటే బాగుండునర్రా" అని. పత్తి అమ్మాక అన్నారు. ఆ తర్వాత కూతురి పెళ్ళయ్యాక అన్నారు. తర్వాత ఆవిడ అడగడం మానేసింది. ఆ ఇంట్లో పెద్దనాన్నగారికి జలుబు చేస్తే మాత్రం గుంటూరు కారు వెళ్ళేది.

చివరికి తీసుకెళ్ళిన రోజున ఎడమకన్ను పూర్తిగా పోయిందనీ, కుడికన్నులో గొట్టంలోంచి చూసినంత మేర మిగిలిందనీ చెప్పారు. పోయింది తిరిగి రాదన్నారు. బ్రతికిన మిగతా తొమ్మిదేళ్ళూ ఆవిడ గోడ పట్టుకునే నడిచింది. ఒక్కసారి కూడా మమ్మల్ని ఒక్కమాట అనలేదు. అదే నాకిప్పటికీ బాధ.

ఇదంతా విని డాక్టరుగారు కాగితంమీద ఓ కన్ను బొమ్మ వేశారు. కంటిలోపల ఒక నీరు ఎప్పుడూ ఊరుతుంటుంది, ఒక సన్నటి జల్లెడ దారిన బయటికి పోతుంటుంది. పోయే దారి మందగిస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా ఆ ఒత్తిడి 10 నుంచి 21 దాకా ఉంటుంది. ఎక్కువైతే వెనకనున్న కంటి నరం కొద్దికొద్దిగా నలిగిపోతుంది. నొప్పి ఉండదు. ఎరుపు ఉండదు. చూపు అంచుల్నుంచి తినుకుంటూ వస్తుంది. నట్టనడుమ చూపు ఆఖరిదాకా ఉంటుంది.

"అందుకే మీ పెద్దమ్మగారికి దారం ఎక్కింది, గుమ్మం కనపడలేదు" అన్నారు.

నా కళ్ళల్లో ఆ అంకెలు 27, 26. ఒత్తిడి 21 దాటని వాళ్ళకీ ఈ జబ్బు రావచ్చనీ, దాటిన వాళ్ళందరికీ రాదనీ, అందుకే నరాన్ని కూడా పరీక్షించాలనీ చెప్పారు. మా పేటని 2022లో పల్నాడు జిల్లాలో కలిపినా, పెద్ద పరీక్ష అంటే మా కాళ్ళు గుంటూరు బస్సువైపే వెళతాయి. అక్కడ ఓ గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించి, చిన్న చిన్న దీపపు చుక్కలు అక్కడక్కడ వెలిగిస్తూ, కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నేను అన్నీ నొక్కాననే అనుకున్నాను. ఎడమకంటి పటంలో ముక్కు వైపున గోరంత నల్లమచ్చ వచ్చింది. అక్కడ వెలిగిన చుక్కలు నాకు కనపడలేదు. కనపడలేదన్న సంగతి కూడా నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం డాక్టరుగారి ఎదుట కూర్చుని, ఎంత ఆపుకున్నా ఆగక ఏడ్చాను. చారెడేసి కళ్ళతో కాదు, మామూలు కళ్ళతోనే.

"పోయిన గోరంత నేను తేలేను. మిగిలిన ఆకాశమంతా నిలబెట్టగలను" అన్నారాయన. "రోజూ రాత్రి ఒక్క చుక్క. జన్మంతా. మానకూడదు, బాగానే ఉందిగా అని ఆపకూడదు. మీకు చత్వారం వచ్చి నా దగ్గరికి పంపింది. దానికో దణ్ణం పెట్టుకోండి."

నేను నాలుగురోజులు తిట్టిపోసిన చత్వారమే నా ఎడమకన్ను కాపాడింది. ఆ సూది బెజ్జం కనపడి ఉంటే నేనూ పెద్దమ్మలాగే గుమ్మాలకి భుజాలు కొట్టుకుంటూ, పిల్లలు నవ్వుతుంటే వాళ్ళతో కలిసి నవ్వుతూ ఉందును.

ఆయన చెప్పిన ఇంకోమాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఈ జబ్బు రక్తసంబంధంలో వస్తుందిట. తల్లికో, తండ్రికో, తోబుట్టువుకో ఉంటే మిగతా వాళ్ళు నలభై దాటగానే తప్పక చూపించుకోవాలిట. పెద్దమ్మ కూతురు, మా అక్క, నరసరావుపేటలో ఉంది. యాభై రెండేళ్ళు. తెల్లారగానే ఫోను చేశాను.

"నాకేమైందే? బాగానే కనపడుతోందిగా! కావాలంటే రా, నీ ముందు సూదిలో దారం ఎక్కిస్తా" అంది.

అదే గొంతు. అదే మాట. నాకు ఒళ్ళు జలదరించింది. ఫోను పెట్టేసి, మావారికి అన్నం మూతపెట్టి, మొదటి బస్సెక్కి వెళ్ళాను. అక్క నిజంగానే దారం ఎక్కించి చూపించింది. చీర మార్చుకోమన్నాను. "మిర్చి అమ్మాక చూద్దాంలే" అన్నారు బావగారు. జీవితంలో మొదటిసారి ఆయన ముందు గొంతు పెంచాను. "మా పెద్దమ్మ పత్తి అమ్మేదాకా ఆగింది బావగారూ" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. తనే ఆటో పిలుచుకొచ్చారు.

అక్కకి 28, 30. నరం ఇంకా దెబ్బతినలేదు. తనకీ రాత్రికో చుక్క రాశారు.

ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి ఒక ఫోను వెళుతుంది, లేదా వస్తుంది. "వేసుకున్నావుటే?" "వేసుకున్నా. నువ్వో?" అంతే మాటలు. ఇద్దరం కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన వేలితో నొక్కిపట్టి, రెండు నిమిషాలు కూర్చుంటాం. ఆ రెండు నిమిషాలూ నాకు పెద్దమ్మ కనపడుతుంది.

సంపాదకుడుగారికి రాయబోయిన ఉత్తరం చింపేశాను. జోడు పెట్టుకుంటే అక్షరాలు సలక్షణంగానే ఉన్నాయి. ఈ వ్యాసం మీరు చెయ్యి బారజాపి చదువుతున్నట్లయితే మాత్రం దయచేసి పత్రికవాళ్ళని తిట్టకండి. వెళ్ళి కళ్ళు చూపించుకోండి. జోడు రాయించుకుని లేచి వచ్చెయ్యకుండా, ఒత్తిడీ, నరమూ కూడా చూడమని అడగండి. వెళ్ళేటప్పుడు, మీ ఇంట్లో గుమ్మానికి భుజం కొట్టుకుంటూ, "నాకేం, బాగానే కనపడుతోందిగా" అని నవ్వే ఆవిడ ఎవరైనా ఉంటే, ఆవిణ్ణి కూడా చీర మార్చుకోమనండి.